కిప్ రాని పిల్లకి ఏది మేలు?

పోయిన ఆదివారం డల్లాస్ నుంచి అక్క వీడియో కాల్ చేసింది. "జిమ్ వాళ్లు చిన్నదాన్ని లెవెల్ ఫోర్‌లోనే ఇంకో ఏడాది ఉంచుదామంటున్నారే. కాదంటే ఎక్సెల్ అనే ఇంకో దారికి మార్చుకోమంటున్నారు. నీ కూతురూ జిమ్నాస్టిక్స్ చేస్తోందిగా, ఏది మేలో నువ్వు చెప్పు" అంది. చిన్నదానికి తొమ్మిదేళ్లు. నా కూతురికి పదకొండు. బందరు రోడ్డు ఖాళీగా ఉండే ఐదున్నరకి స్కూటీ మీద ప్రాక్టీసుకి దింపడం తప్ప నాకు ఈ ఆటలో వేరే అర్హత లేదు. అయినా అడిగింది కాబట్టి నాకు తెలిసినంత చెప్పాను.

ముందు అక్కడి సంగతి. అమెరికాలో ఆడపిల్లలకి డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ అని ఉంది, ఒకప్పుడు జూనియర్ ఒలింపిక్ అనేవాళ్లు. ఒకటి నుంచి పది దాకా లెవెల్స్, ఆ పైన ఎలీట్. 1 నుంచి 5 వరకు అందరిదీ ఒకటే రొటీన్, అంటే వరసగా చేసే విన్యాసాల కూర్పు. ఫ్లోర్ మీద పాట కూడా అదే, పిల్ల మారుతుంది గానీ పాట మారదు. సాయంత్రం దాకా అదే పాట విని అక్కకి తలనొప్పి వచ్చిందట. 6 నుంచి ఎవరి రొటీన్ వాళ్లు కట్టుకోవచ్చు. మార్కులు పదికి, పడితే అర మార్కు పోతుంది. నిర్ణీత స్కోరు వస్తేనే పై మెట్టు. ఒకే లెవెల్లో కూడా వయసుల వారీగా విడదీసి పతకాలిస్తారు, అందుకే అక్కడ మెడలో ఏదో ఒకటి లేని పిల్ల కనపడదు.

ఎక్సెల్ పక్క దారి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, సఫైర్. మొదటి మెట్టు నుంచే సొంత రొటీన్, సొంత పాట. పిల్లకి వచ్చిన విద్యలతోనే కట్టుకోవచ్చు, రానిది పక్కన పెట్టొచ్చు. మామూలుగా ప్రాక్టీసు గంటలు తక్కువ, కాబట్టి ఖర్చూ కాస్త తగ్గుతుంది.

చిన్నది ఆగిపోయింది కిప్ దగ్గర. ఎత్తూ తగ్గూగా ఉండే రెండు బార్లలో కింది బార్‌కి వేలాడుతూ ముందుకి జారి, కాలి వేళ్లు బార్ దాకా తెచ్చి, ఒక్క ఊపులో చేతులు వంచకుండా పైకి లేవాలి. చూడ్డానికి రెండు సెకన్లు. లెవెల్ ఫోర్ బార్స్‌లో మొదలే అది, తప్పించుకునే దారి లేదు. ఎక్సెల్ గోల్డ్‌లో అయితే కిప్ లేకుండానే బార్ ఎక్కొచ్చు. అందుకే వాళ్ల జిమ్ ఆ మాట అంది.

మరి మన దగ్గర? ఇక్కడ నైపుణ్యం మెట్లు కావు, పుట్టినరోజు మెట్లు. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19. జిల్లా, రాష్ట్రం, జాతీయం. అండర్-14లో నా పదకొండేళ్ల పిల్ల పక్కన పదమూడేళ్లది నిలబడుతుంది, ఇద్దరికీ పైన నిలబడి విన్యాసాలు చేసే దూలం, అదే బీమ్, ఒక్కటే: పది సెంటీమీటర్ల వెడల్పు, మన బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. పోటీలు ఏడాదికి ఒకటో రెండో. ఆ ఒక్క రోజు జ్వరమొస్తే ఏడాది పోయినట్టే. పోనీ పెద్దయ్యాక చూద్దామంటే టెన్త్ వస్తుంది, ఆ తర్వాత ఇంటర్ హాస్టలు. విజయవాడలో ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

మనది పూర్తిగా నష్టమేనా అంటే, కాదు. పతకాల ఎర లేదు కాబట్టి కోచ్ సార్ తొందరపెట్టరు. పై స్థాయిలో నడిచేది అంతర్జాతీయ లెక్క. 2006 నుంచి పది మార్కుల పరిమితి లేదు. కష్టానికి ఒక స్కోరు, తీరుకి పదిలోంచి కోతలు వేసి ఇంకోటి, రెండూ కలుపుతారు. 2016 రియోలో దీపా కర్మాకర్ వాల్ట్‌లో, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగిరే అంశంలో, చేసిన ప్రొదునోవా అనే విన్యాసానికి కష్టం స్కోరే 7.0. చివరికి 15.066తో నాలుగో స్థానం, కాంస్యానికి 0.150 దూరం. అదే విన్యాసం లెవెల్ ఫోర్‌లో చేస్తే ఒక్క మార్కూ రాదు, అక్కడ చెప్పిందే చేయాలి. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చేనాటికి ఆమెకి 22 ఏళ్లు. సీనియర్‌కి కనీస వయసే 16. తొమ్మిదేళ్లకి ఏదో దాటిపోతోందని కంగారు పడేవాళ్లకి ఈ రెండు అంకెలు చెబుతుంటాను.

అక్కకి నా మాట ఇది. పిల్ల ఆగింది కిప్ ఒక్కదాని దగ్గరే, మిగతా మూడింట్లో, అంటే వాల్ట్, బీమ్, ఫ్లోర్‌లో, మార్కులు బాగున్నాయి అంటే లెవెల్ ఫోర్‌లోనే ఉంచు. మళ్లీ అదే క్లాసు చదివినట్టు కాదది, అక్కడ చాలామంది ఒక లెవెల్లో రెండేళ్లుంటారు. ఎక్సెల్‌కి వెళ్లినా ముందు ముందు బార్స్ మీద కిప్ అడ్డు రాకపోదు. కానీ వారానికి అన్ని గంటలు జిమ్‌లో గడిపి, ఇంటికొచ్చి ఏడుస్తుంటే ఇవాళే మార్చు, సొంత పాట దొరికిందన్న సంబరంతోనైనా ఆట మిగులుతుంది. మా ఊరి పద్ధతి మాత్రం నీకు అరువివ్వను. నాకు లెవెల్స్ ఉంటే నేనూ లెవెల్సే ఎంచుకునేదాన్ని, ఏటా ఒక మెట్టు ఎక్కామని పిల్లకి చూపించడానికి ఏదో ఒకటి ఉండేది.

చివర్లో చిన్నది ఫోన్ లాక్కుంది. "పిన్నీ, అక్కకి కిప్ వచ్చా?"

వచ్చు, ఏడాదిన్నర పట్టిందని చెప్పాను.