‘సరే’ నొక్కితే మాయం: ఫోనులో అత్యవసర హెచ్చరికలు, మూడేళ్ల తర్వాత

మూడేళ్లుగా నా ఫోనులో, ఆపద వేళ అధికారులు పంపే అత్యవసర హెచ్చరికలు ఆన్‌లోనే ఉన్నాయి. గుండె అదిరేలా మోగే ఆ మోత మీద నాకు ఫిర్యాదు లేదు. నా కోపమంతా దాని కింద కనిపించే ‘సరే’ అనే బటన్ మీద.

కిందటి ఏడాది అమ్మ మొదటిసారి నా దగ్గరికి, ఈ కొత్త దేశానికి వచ్చింది. నాలుగో రోజు నేను ఆఫీసులో ఉండగా ఫోను చేసింది. ‘ఫోను పేలిపోతుందేమో అన్నట్టు కూసిందిరా. ఏదో రాసి ఉంది, సరే నొక్కాను, నోరు మూసుకుంది.’ నాకేమీ రాలేదు కాబట్టి ఎవరో మోసగాళ్ల పని అనుకున్నాను. ఈ హెచ్చరికలు నంబర్లు చూసుకుని రావని, ఆ ప్రాంతపు టవర్లు తమ పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి ప్రసారం చేస్తాయని తర్వాత తెలిసింది. అందుకే ఊరికి అవతల ఉన్న నన్ను వదిలేసి, రోమింగ్‌లో ఉన్న అమ్మ సిమ్‌ను పట్టుకుంది.

మెసేజీల్లో వెతికించాను. లేదు. అది ఎస్సెమ్మెస్ కాదు మరి. పావుగంట తంటాలు పడ్డాక, సెట్టింగుల్లో ఎక్కడో అడుగున హెచ్చరికల చరిత్ర అనే పేజీ దొరికింది. భాష రాకపోయినా అక్షరాలు వచ్చు కనుక అమ్మ ఒక్కొక్కటే కూడబలుక్కుని వినిపించింది. కుళాయి నీళ్లు కాచుకునే తాగాలట. అప్పటికే రెండు గ్లాసులు తాగేసింది. ఏమీ కాలేదు, అంతే.

అప్పటి నుంచి కొత్తగా వచ్చినవాళ్లెవరికైనా ముందు ఆ పేజీ ఎక్కడుందో చూపిస్తున్నాను. ఒక్కో ఫోనులో ఒక్కో చోట దాక్కుంటుంది. సరే నొక్కకముందే స్క్రీన్‌షాట్ తీసి అనువాదం చేసుకోమంటాను. వచ్చిన సమయం కూడా చూడమంటాను. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని పొరపాటున హెచ్చరిక వెళ్లింది; అది తప్పని చెప్పే సందేశం ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. మొదటిదాన్ని మాత్రమే చూసినవాడి పరిస్థితి ఊహించుకోండి.

‘ఇంటర్నెట్ లేకపోయినా వస్తుంది’ అని ఒకప్పుడు అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. నిజమే, కానీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే రాదు. ఒక రాత్రి తుఫాను హెచ్చరిక వచ్చిందన్న సంగతి నాకు తెల్లారాక పక్కింటివాళ్లు చెప్తే తెలిసింది.

కొత్తవారికి ఇది పనికొస్తుందా అంటే, చదివి చెప్పే మనిషి పక్కన ఉంటే వస్తుందనే అంటాను. నా సంగతి వేరు. చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. అందుకే పిల్లలెవరైనా తప్పిపోతే వచ్చే హెచ్చరికలు మాత్రం ఆపేసుకున్నాను, ఆ విషయం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అమ్మ ఈసారి వచ్చినప్పుడు మాత్రం ‘సరే’ జోలికి పోలేదు. అర్ధరాత్రి తెర మీది హెచ్చరికను అలాగే ఉంచి, తన ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది. నా ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంది.