మహేంద్రగిరి దారిలో ఒక పాక

శివరాత్రి రద్దీ లేనప్పుడు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు దగ్గరి మహేంద్రగిరి కొండను తీరిగ్గా చూడవచ్చునని నేనూ మా మేనల్లుడూ నవంబరులో బయలుదేరాం. శ్రీకాకుళం నుంచి మందస దాకా ఏ ఇబ్బందీ లేదు. కోవా ఎప్పటిలాగే బాగుంది. కొండ మొదలు దాకా 700 రూపాయలకు ఒప్పుకున్న ఆటో అతను మూడు కిలోమీటర్ల ముందే దింపేసి, పూర్తి సొమ్ము పుచ్చుకుని వెళ్లిపోయాడు.

ఆ నష్టం మరచిపోవచ్చు గాని, దారి పెట్టిన తిప్పలు మరచిపోలేను. పశువుల బాటలు, కట్టెల బాటలు, భక్తుల బాట కలగలిసిపోయి, చీలిన ప్రతిచోటా ఎటు వెళ్లాలో చెప్పే గుర్తు ఒక్కటీ లేక రెండు గంటలు వృథాగా తిరిగాం. మోకాళ్ల నొప్పితో నేను విసుక్కుంటుంటే, నార్వేలో ఉద్యోగం చేసే మా వాడు అక్కడి సంగతులు ఎత్తుకున్నాడు. 1868లో ఏర్పడిన అక్కడి పాదయాత్రికుల సంఘం వారు స్వచ్ఛందంగా రాళ్లు పేర్చి, వాటిమీద ఎర్రరంగుతో 'టీ' అక్షరం వేస్తారట. 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సే స్టేషనులో రైలు దిగి హిమానీనదం పక్కగా నడిచేవారికి, మంచు కరిగాక మిగిలే బండరాళ్ల మీద అడుగుజాడ నిలవదు కనుక, ఆ గుర్తులే దిక్కు. కాపలా లేని బసల్లో నిల్వ ఉంచిన సరుకులు వండుకుని, లెక్క తామే రాసి సొమ్ము చెల్లిస్తారంటే నేను నమ్మలేదు. "నేనూ రెండు వేసవులు రంగు వేశాను మావయ్యా" అన్నాడు వాడు, కొంచెం కోపంగానే.

అంతలో వాన పట్టుకుంది. తలదాచుకోవడానికి దొరికింది గడ్డి కప్పిన ఒక పాక; దిగువ ఊరి సవర గిరిజన కుర్రాళ్లు శివరాత్రి భక్తుల కోసం తమంతట తాము వేసినదట. అప్పుడే కప్పు సరిచేస్తున్న ఇద్దరు మాకు చోళ్ల (రాగుల) అంబలి పోశారు. ఆకలి మాట అటుంచి, ఉప్పు, ఉల్లిపాయ సరిగ్గా కుదిరిన అంత మంచి అంబలి ఈ మధ్య నేను తాగలేదు. వారిలో ఒకరు ముందు నడవగా, 1,501 మీటర్ల శిఖరం, పెద్దపెద్ద రాళ్లు పేర్చి కట్టిన భీముని గుడి చూసి చీకటి పడకముందే దిగాం.

300 రూపాయలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. గుర్తులు వేయడానికి రంగు డబ్బా పంపిస్తానని మేనల్లుడు అన్నాడు. "దారి మాకు తెలుసు బాబూ, వాన కారకుండా టార్పాలిన్ ఉంటే పంపండి" అన్నారు. మర్నాడు పలాసలో 1,850 రూపాయలకు ఒకటి కొన్నాం. రంగు డబ్బా కూడా కొనాల్సిందేనని మా వాడు పట్టుబట్టి, మరో 420 వదిలించాడు.