ఒప్పంద పత్రం చదివించుకోవడానికి అనంతపురంలో ఒక వకీలు కార్యాలయం

ఉన్నత పాఠశాలలో వ్యవసాయం బోధించే ఒకేషనల్ ట్రైనర్‌గా చేరేముందు, ఏజెన్సీ ఇచ్చిన పదకొండు పేజీల ఒప్పంద పత్రాన్ని గడియార స్తంభం దగ్గర మేడమీదున్న ఒక వకీలు కార్యాలయంలో చదివించుకున్నాను. బడి చదువులకు ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్షా పథకం కింద తొమ్మిది, పదో తరగతుల పిల్లలకు టమాటా, వంగ, మిరప సాగు నేర్పే ఈ కొలువులో నాకు జీతమిచ్చేది బడి కాదు, ఏజెన్సీ. హెడ్మాస్టరు గారు ఎంత మంచివారైనా రేపు పనికొచ్చేది ఆ కాగితంలో ఉన్న మాటే.

వకీలు గారు నేరుగా జీతం పేజీ తీశారు. అందులో ఏజెన్సీ వాళ్లు నెలకు 15,000 రూపాయలని రాసి, కింద పీఎఫ్ కోతగా 1,800 చొప్పున రెండు వరుసలు చూపారు. రెండో వరుస కింద ఆయన పెన్సిలుతో గీత గీసి, "ఇది వాళ్లు కట్టాల్సిన 12 శాతం నాయనా, నీ జీతంలో పట్టుకునేకి 1952 నాటి పీఎఫ్ స్కీము ఒప్పుకోదు" అన్నారు. అంతకుముందు నేను మూడుసార్లు చదివినా, రెండూ నా వాటాలే కాబోలనుకున్నాను.

మానేశాక రెండేళ్లు మరో ఏజెన్సీ తరఫున బోధించరాదన్న షరతు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదని చెప్పారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోమని, జిరాక్సులు మాత్రమే ఇవ్వమని గట్టిగా హెచ్చరించారు.

నన్ను ఎక్కువగా బాధించింది వేసవి సంగతి. ఒప్పందం ఏప్రిల్ చివరితో ముగుస్తుంది, జూన్‌లో బడి తెరిచాక మళ్లీ రాసుకోవాలి. కానీ బడి తోట సంరక్షణ ట్రైనర్ బాధ్యతేనని మరో పేజీలో గడువు లేకుండా రాశారు. మన మే నెల ఎండకు నాలుగు రోజులు నీళ్లు తప్పితే వంగ మొక్క తలవాల్చేస్తుంది; జీతం లేని ఆ రోజుల్లో మడి ఎండినా పూచీ నాదే అవుతుంది. "ఒప్పందం అమల్లో ఉన్నంత కాలం" అన్న మాటలు చేర్పించమని, లేదంటే మే నెల జీతం రాయించుకోమని సూచించి, ఏజెన్సీకి పంపే లేఖ తెలుగులోనే రాసిచ్చారు.

పదింటికి రమ్మని పన్నెండున్నర దాకా కూర్చోబెట్టడం, టైపింగు డబ్బు వేరని గుమస్తా ముందుగా చెప్పకపోవడం నాకు నచ్చలేదు. ఫీజు 800 రూపాయలు న్యాయమే అనిపించింది.

ఏజెన్సీ రెండో పీఎఫ్ వరుసను వెంటనే తీసేసింది. వేసవి షరతుకు మరో వారం తిరగాల్సి వచ్చింది. సవరించిన పత్రాన్ని సంతకానికి ముందు మళ్లీ తీసుకెళ్లి చూపిస్తే, వకీలు గారు ప్రతి పేజీ చదివారు గానీ రెండోసారి ఫీజు తీసుకోలేదు.