నార్మండీలో నాలుగు రోజులు: హెల్మెట్ల వేట, రెండు బసలు, ఒక బేరం

పాత మిలిటరీ హెల్మెట్ల పిచ్చి ఉన్నవాళ్లు ఫ్రాన్స్‌లోని నార్మండీ వెళ్తే జేబు మీద ఓ చెయ్యి వేసుకునే తిరగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న మిత్రదళాలు దిగిన తీరం కదా. పారిస్‌లో ఉంటున్నాం కదా అని నేనూ మా బావమరిదీ మే నెలలో బయల్దేరాం. సాన్ లజార్ స్టేషన్‌లో రైలెక్కితే రెండున్నర గంటల్లోపే బాయో.

బాయో ఊరు బాగుంది, తిండికి ఇబ్బంది లేదు (నేను గుడ్డు, చీజ్ వేసిన గాలెట్ల మీదే బతికేశా, మన అట్ల లాంటివి), నార్మండీ యుద్ధ మ్యూజియం కూడా ఊళ్లోనే ఉంది. కానీ మేము చూడాలనుకున్నవన్నీ దూరం. సేంత్-మెర్-ఎగ్లీజ్ అక్కణ్నుంచి 50 కిలోమీటర్ల పైనే. బస్సుల మీద ఆశ పెట్టుకుని ఒక రోజంతా పోగొట్టుకుని, చివరికి కారు అద్దెకు తీసుకున్నాం. ఆ పని మొదటి రోజే చేయాల్సింది.

తర్వాతి రెండు రాత్రులూ సేంత్-మెర్-ఎగ్లీజ్ దగ్గర ఒక పొలంలో ఇల్లు తీసుకున్నాం. ఫోటోల్లో వంటగది ధగధగా మెరిసిపోయింది, తీరా వెళ్తే నాలుగు బర్నర్లలో వెలిగేది ఒక్కటే. హీటర్ గురించి మూడు మెసేజ్‌లు పెట్టాక ఓనరమ్మ దుప్పట్లు పట్టుకొచ్చింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటా, అన్నీ దగ్గర.

ఊళ్లో చర్చి పైకప్పుకి పారాచ్యూట్‌తో వేలాడుతున్న బొమ్మ ఉంటుంది, జాన్ స్టీల్ అనే అమెరికన్ పారాచ్యూట్ సైనికుడు 1944లో అలాగే చిక్కుకున్నాడు. ఎదురుగా ఉన్న ఎయిర్‌బోర్న్ మ్యూజియంలో వాకో గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం), సైనికుల్ని మోసుకెళ్లే సీ-47 విమానం ఉన్నాయి, సగం రోజు పెట్టుకోండి. నా బాధ ఒక్కటే: అద్దాల వెనక హెల్మెట్ పైభాగమే కనిపిస్తుంది, నాకేమో లోపల చూడాలి. ఆ కోరిక పక్క ఊళ్లో జరిగిన పాత సామాన్ల సంతలో తీరింది.

మొదటి బల్ల దగ్గర ఒకాయన ఎం-1, అంటే ఆ యుద్ధంలో అమెరికన్ సైనికులు పెట్టుకున్న ఉక్కు హెల్మెట్, చేతికిచ్చి "జూన్ 6, ఒరిజినల్" అన్నాడు. 480 యూరోలు. తిప్పి ఫోన్ టార్చి వేశా. అంచు చుట్టూ ఉండే రేకు అతుకు వెనక వైపు ఉంది. అతుకు వెనక్కి మారింది 1944 చివర్లో, అంటే ఈ హెల్మెట్ జూన్‌లో ఆ తీరానికి వచ్చే అవకాశమే లేదు. పట్టీ తగిలించే కొక్కేలు కదులుతున్నాయి, అది మాత్రం తప్పేం కాదు, 1943 చివర నుంచే అలా చేశారు. లైనర్‌కి (ఉక్కు చిప్ప లోపల ఇమిడే రెండో టోపీ) ముందు వైపు బ్యాడ్జి పెట్టే చిన్న రంధ్రం కూడా లేదు. యుద్ధకాలపు లైనర్లకు అది ఉండేది. ఈ ముక్క చెప్తే ఆయన భుజాలెగరేసి పక్క గిరాకీ వైపు తిరిగిపోయాడు. "బావా, ఈ రేకు గిన్నెకి 480 యూరోలా? అక్కకి ఏం చెప్తావ్?" అని మా వాడి గోల.

మూలన కూర్చున్న పెద్దాయన దగ్గర దొరికింది అసలు సరుకు. అతుకు ముందు వైపు, కదలని కొక్కేలు, అందులో ఒకటి విరిగి మళ్లీ వెల్డింగ్ చేసి ఉంది (ఇలా విరుగుతున్నాయనే తర్వాత కదిలేవి పెట్టారు). లోపల వెస్టింగ్‌హౌస్ గుర్తున్న లైనర్, ఖాకీ నవారు, నుదురు తగిలే తోలు చెమటకి నల్లబడి బిరుసెక్కింది. నవారు మీద సిరాతో ఒక అక్షరం, నాలుగు అంకెలు. అమెరికన్ సైనికులు ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీస్ నంబర్లో చివరి నాలుగు అంకెలు కలిపి సామాన్ల మీద ఇలాగే రాసుకునేవారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత ట్రంకు పెట్టె వాసన.

"ఈ చిప్పా, లైనరూ పుట్టుకతో జంట కాదు, నేనే కలిపాను" అని అడక్కుండానే చెప్పాడాయన. యుద్ధంలో ఈ ఉక్కు చిప్పలు 2 కోట్లకు పైగా చేశారు, లైనర్లు వేరే కంపెనీలు చేసేవి, కాబట్టి జత మారడం మామూలే. కానీ నోరు తెరిచి చెప్పేవాళ్లు తక్కువ. 340 అన్నాడు, 310కి ఇచ్చాడు, కాగితం మీద వివరం రాసి సంతకం కూడా పెట్టాడు.

మా వాడు మాత్రం 60 యూరోలకి కొత్తగా చేసిన నకలు కొనుక్కుని, కారులో అది పెట్టుకునే కూర్చున్నాడు. మీరు వెళ్లేట్టయితే జూన్ మొదటి వారం వద్దు, జూన్ 6 వార్షికోత్సవాల రద్దీకి గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది.