ఎన్‌కే సెల్ కౌంట్ టెస్టు: రక్తం తీయడం బాగుంది, పెట్టిన పేరే బాగోలేదు

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక కలెక్షన్ సెంటర్‌లో ఫ్లో సైటోమెట్రీ పద్ధతిలో చేయిస్తున్న టెస్టు ఇది. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్, క్యాన్సర్ కణాలనూ వైరస్ సోకిన కణాలనూ చంపే ఒక రకం తెల్ల రక్తకణాలు. కణాలకు మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలు వేసి, లేజర్ మెషిన్‌లో ఒక్కొక్కటిగా లెక్కించడమే ఫ్లో సైటోమెట్రీ. ఐదుకు మూడు మార్కులు.

ఆ మూడూ శాంపిల్ తీసే తీరుకే. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో 3 మి.లీ. రక్తం తీసి, గడ్డ కట్టకుండా ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేస్తారు. ఫ్రిజ్‌లో పెట్టరు, అదే సరైనది. కణాలు బతికి ఉండాలంటే 18-25 డిగ్రీల్లో ఉంచి, వీలైతే 24 గంటల్లోపే మెషిన్ దగ్గరికి చేర్చాలి. బెజవాడ మే ఎండలో బైకు పెట్టె ఒక గండం, ట్యూబుకి నేరుగా ఆనించిన ఐస్ జెల్ ఇంకో గండం. శనివారం సాయంత్రం ఇస్తే ఆదివారమంతా ఆగిపోవచ్చు. వారం మొదట్లో, పొద్దున్నే ఇవ్వండి. ముందు జిమ్ము, పరుగు వద్దు, వ్యాయామం కాగానే రక్తంలో ఎన్‌కే కణాలు పెరుగుతాయి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ఫారంలో రాయించండి.

రిపోర్టులో సీడీ3 లేకుండా సీడీ16, సీడీ56 (ఇవన్నీ కణం పైన ఉండే గుర్తింపు ప్రోటీన్లు) ఉన్న కణాలను లెక్కిస్తారు. లింఫోసైట్లలో (ఎన్‌కే కణాలు చేరే తెల్ల కణాల వర్గం) ఇవి సాధారణంగా 5-15 శాతం. శాతం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మొత్తం లింఫోసైట్లే పడిపోతే శాతం నార్మల్‌గానే కనిపించవచ్చు, మైక్రోలీటరుకు ఎన్నో చూడాలి.

ఇక ప్యాకేజీ పేరు: 'క్యాన్సర్ ఇమ్యూనిటీ ప్రొఫైల్'. ఇక్కడే రెండు మార్కులు పోయాయి. ఎన్‌కే కణం ఎదుటి కణం మీద హెచ్‌ఎల్‌ఏ క్లాస్-1 గుర్తులు ('ఇది మన కణమే' అని చెప్పేవి) తగ్గాయా, ఒత్తిడి గుర్తులు (కణం దెబ్బతింటే బయటపడేవి) పెరిగాయా అని తడిమి చూస్తుంది. తేడా కనిపిస్తే పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో రంధ్రం చేసి, గ్రాంజైములనే ఎంజైములు లోపలికి పంపి చంపుతుంది. ఆ సత్తా కొలవాలంటే ల్యాబ్‌లో పెంచే కే562 అనే లూకేమియా (బ్లడ్ క్యాన్సర్) కణాలతో కలిపి ఎన్ని చచ్చాయో చూడాలి. ఈ టెస్టు తలలు లెక్కపెడుతుంది, అంతే. లింఫోమాకి (లింఫోసైట్ల క్యాన్సర్) ఇచ్చే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందుకి తోడుగా ఈ కణాలూ పనిచేస్తాయన్నది నిజమే, కానీ ఈ కౌంటు చూసి ఆ మందు రాయరు. రిపోర్టుతో పాటు చేతిలో పెట్టే 'ఎన్‌కే బూస్టర్' క్యాప్సూళ్ల కరపత్రం మరీ అన్యాయం.

బ్లడ్ క్యాన్సర్ అనుమానమైతే ముందు సీబీపీ (రక్తకణాల మొత్తం లెక్క), స్మియర్ (గాజుపలక మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో చూడటం). అందులో బ్లాస్టులు (పక్వం కాని రక్తకణాలు) కనిపిస్తే హెమటాలజిస్టు (రక్త వ్యాధుల డాక్టరు) చీటీ మీద 'లూకేమియా ఇమ్యునోఫినోటైపింగ్ ప్యానెల్' అని రాయించుకోండి. మెషిన్ అదే, వేసే యాంటీబాడీలు వేరు. ఎన్‌కే కౌంటు పనికొచ్చేది మూలకణ మార్పిడి తర్వాత కోలుకోవడం చూడ్డానికి, పుట్టుకతో వచ్చిన రోగనిరోధక లోపం అనుమానం ఉన్నప్పుడు. నెలల తరబడి ఎక్కువగానే ఉంటే మాత్రం ఎల్‌జీఎల్ లూకేమియా (లోపల రేణువులున్న పెద్ద లింఫోసైట్ల బ్లడ్ క్యాన్సర్) కాదని తేల్చుకోవాలి, దానికీ హెమటాలజిస్టు దగ్గరికే.