మూత తీయనన్నవారి దగ్గర కొనలేదు

నెల్లూరులో పాత చేతిగడియారం కొనాలనుకునేవారికి ముందుగా ఒక మాట. తళతళలాడే వాచీ జోలికి పోకండి. మురికి పట్టి, అద్దం నిండా గీతలు పడి, పట్టీ కూడా లేకుండా, పాత ఛార్జర్ల కింద ఎక్కడో నలుగుతూ ఉన్నదాన్ని చేతిలోకి తీసుకోండి. నాకు మంచివి చాలావరకు అలాంటి చోటే దొరికాయి. మోసపు వాచీ మాత్రం గాజు పెట్టెలో, ఎర్రటి మఖమల్ గుడ్డ మీద, పీటల మీది పెళ్లికూతురిలా కూర్చుని ఉంది.

మా ఆయనా నేనూ శనివారం పొద్దున రైలు దిగాం. ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. లాడ్జి గురించి మాత్రం చెప్పి తీరాలి. ముందురోజు ఫోనులో అడిగితే ఏసీ గది 1,400 రూపాయలన్నారు. సామాను దించి పుస్తకంలో సంతకం పెట్టాక, 1,400 గదికేననీ, ఏసీ రిమోట్ ఇవ్వాలంటే ఇంకో 300 కట్టాలనీ కౌంటర్‌లోని మనిషి చెప్పాడు. గోడకు బిగించిన ఏసీ గదిలోనే ఉంటుంది, దాన్ని వేసే హక్కు మాత్రం విడిగా కొనుక్కోవాలన్నమాట! 500 అడ్వాన్సు కూడా తీసుకున్నారు. అతని తల వెనకే '24 గంటల చెకౌట్' అని పెద్ద బోర్డు. మేము దిగింది 11 గంటలకు. మర్నాడు 9 కాకముందే తలుపు కొట్టి గది ఖాళీ చేయమన్నారు. బోర్డు చూపిస్తే, "అది పాత బోర్డమ్మా, తీయించాలి" అన్నాడు. పైగా దుప్పటి మీద కాఫీ మరక పడిందని అడ్వాన్సులో 200 కోశాడు. గదిలో అడుగు పెట్టగానే ఆ మరకను ఫోటో తీసి ఉంచుకున్నాను. ఫోటో మీది సమయం చూపించాక గానీ ఆ 200 వెనక్కి రాలేదు. నెల్లూరులోనే కాదు, ఎక్కడ దిగినా సరే, డబ్బు కట్టే ముందు 'ఏసీతో కలిపి' అని రసీదు మీద రాయించుకోండి.

ఏసీ రిమోట్ గొడవతోనే మా ఆయన మనసు విరిగిపోయింది. "ఆగిపోయిన వాచీల కోసం ఇంత అవస్థా?" అన్న మాట ఆ రోజంతా నాకు వినిపిస్తూనే ఉంది.

ఎర్ర మఖమల్ దుకాణం ట్రంకు రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో ఉంది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ యజమాని మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్పాడు. "సార్, మేడమ్‌కు లేడీస్ వాచీలు అటువైపు ఉన్నాయి" అని కూడా అన్నాడు. నా కన్ను ఫావ్రే లూబా సీ చీఫ్ మీద ఉంది. 1737 నాటి స్విస్ పేరు అది. మన దేశంలో ఎంతోకాలం అమ్ముడుపోయింది కాబట్టి తాతల పెట్టెల్లోంచి ఇప్పటికీ బయటికి వస్తూనే ఉంటుంది. ఆ పేరుకున్న విలువను చూసే, పాడైన డయల్‌కు రంగు వేసి అమ్మడం ఒక వ్యాపారమైపోయింది. ఈ వాచీ డయల్ నెమలికంఠం రంగులో మెరిసిపోతోంది. ధర 4,500.

భూతద్దం పెట్టి చూశాను. అక్షరాలు లావుగా, అంచులు కారినట్టు ఉన్నాయి. అసలు డయల్ మీద అచ్చు వెంట్రుకంత సన్నగా, తెగినట్టు స్పష్టంగా ఉంటుంది. నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా లేవు, రెండు మూడు చోట్ల పక్కకు జరిగాయి. పెద్ద ముల్లు ఆ గీతల దాకా చేరనే లేదు, అంటే అది వేరే వాచీది. వెనక మూత తీసి చూపించమన్నాను. "తీస్తే సీలు పోతుంది సార్" అని మళ్లీ మా ఆయనతోనే అన్నాడు. ఎన్నోసార్లు తీసినట్టు మూత అంచున గాట్లు కనిపిస్తూనే ఉన్నాయి! మూత తీయడానికి ఒప్పుకోని దుకాణంలో ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

ఆ మధ్యాహ్నం చేపల పులుసు తినకపోతే మా ఆయన సాయంత్రం రైలుకే ఇంటికి వెళ్లిపోయేవారు. మామిడికాయ ముక్కలు వేసి కాచిన పులుసు, వేడన్నం, ప్లేటు 220 రూపాయలు. పులుపు మామిడిదో చింతపండుదో విడదీయలేనంతగా కలిసిపోయింది. వడ్డించిన ఆమె అడగకుండానే రెండోసారి పులుసు పోసింది, దానికి డబ్బు తీసుకోలేదు. బల్ల దగ్గర నుంచి లేస్తూ, "రేపు ఎన్నింటికి బయలుదేరాలి?" అని ఆయనే అడిగారు.

ఆదివారం ఆరున్నరకే రోడ్డు పక్కన పాత సామాన్లు పరిచేవారి దగ్గరికి వెళ్లాం. ఎనిమిది దాటితే దుకాణాలవాళ్లు వచ్చి మంచివి ఏరుకుపోతారు. పంపులు, మిక్సీ గిన్నెలు, తాళంచెవులు లేని తాళాలు, వాటి మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బాలో వాచీలు. చాలావరకు సెల్లు కారి పాడైనవే. అడుగున హెచ్ఎంటీ జనతా కనిపించింది. తెల్ల డయల్ కాలంతో పాలమీగడ రంగుకు తిరిగింది, '17 జువెల్స్' (మిషనులో పొదిగిన చిన్న రాళ్ల లెక్క) అన్న అచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. కీ నాలుగు చుట్లు తిప్పగానే సన్న ముల్లు కదిలింది. చెవికి ఆనిస్తే సెకనుకు ఐదు చొప్పున తడబాటు లేని టిక్కులు. కేసు మూలల్లో క్రోమ్ పూత పోయి ఇత్తడి కనిపిస్తోంది. కొత్తగా పూత వేయించి ఉంటే ఆ ఇత్తడి కనిపించేది కాదు, కాబట్టి దాన్ని చూసి నాకు సంతోషమే కలిగింది.

ఆ డబ్బా పెట్టుకుని అమ్ముతున్న ఆమె 350 అంది. ఇచ్చేశాను. బేరమాడలేదని మా ఆయనకు కోపం వచ్చింది. ఇదే జనతాకు రంగురంగుల డయల్ వేసి 1,500కు పైగా అమ్మడం చూశాను. అలాంటప్పుడు ఎండలో కూర్చున్న మనిషి దగ్గర యాభై రూపాయలు తగ్గించుకోవడం నాకు నచ్చదు. 1961లో బెంగళూరులో, జపాన్ సిటిజన్ సహకారంతో మొదలైన హెచ్ఎంటీ వాచీల తయారీ ఎన్ని ఇళ్లకు సమయం చూపించిందో! 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించాక అందరి చూపూ వాటి మీద పడింది. మన హైదరాబాదు ఆల్విన్‌ను మాత్రం ఇప్పటికీ ఎవరూ పట్టించుకోవడం లేదు. జపాన్ కంపెనీ సీకో సాంకేతిక సహకారంతో తయారైన వాచీలవి. అదే డబ్బాలో ఆగిపోయిన ఆల్విన్ 200కు వచ్చింది. ధర పెరగక ముందే కొనదగింది ఏదని నన్ను అడిగితే ఆల్విన్ పేరే చెబుతాను.

నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లాం. అక్కడ గది 1,100, వేడినీళ్లతో సహా. ఏ లోటూ లేదు.

అసలు సంతోషం ఒంగోలులోనే. రోడ్డు పక్కన మనిషి కూర్చునేంత చెక్క బడ్డీలో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. అమ్మడానికి ఏమైనా ఉన్నాయా అని అడగగానే సొరుగు లాగి, "ముందు లోపల చూడండమ్మా, పైన ఎవరైనా మెరుగు పెడతారు" అంటూ సీకో 5 మూత తిప్పి తీసి భూతద్దం నా చేతికిచ్చారు. నా చేతికి! మూత మీద 6119తో మొదలయ్యే అంకెలున్నాయి, ఆ 6119 మిషను నంబరు. దాని పక్కన విడిగా ఉన్న ఆరంకెల వరుస 24తో మొదలైంది. మొదటి అంకె ఏడాది చివరి అంకె, రెండోది నెల. ఆ మిషను తయారైన కాలాన్ని బట్టి చూస్తే 1972 ఏప్రిల్. నేను పైకి చదవగానే ఆయన ముఖం వెలిగిపోయింది. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు అంకెలకు బదులు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయని చెబుతూ, అలాంటి మరో మూతను వెతికి మరీ చూపించారు.

స్క్రూల గాళ్లు నలగలేదు, అంటే మొరటు చేతుల్లో పడలేదు. కీ కాడ మీద మాత్రం సన్నగా తుప్పు ఉంది. "సముద్రం గాలి. ఈ జిల్లాలో ముందు చూడాల్సింది ఇదే" అన్నారాయన. లోపల చక్రాల దాకా తుప్పు పాకితే తీసుకోవద్దనీ, కాడ మాత్రమే అయితే 150లో మారిపోతుందనీ చెప్పారు. సీకోకు 1,800 అడిగారు, కాడ మార్చి ఇస్తానన్నారు. అక్కడా నేను బేరమాడలేదు. ఈసారి మా ఆయన కూడా ఏమీ అనలేదు, స్టూలు లాక్కుని కూర్చుని ఆల్విన్ తీసి, "దీన్ని నడిపించగలరా?" అని అడిగారు.

జనతా సర్వీసింగుకు 450, ఆల్విన్‌కు 600, కొరియర్‌కు 90. వాచీలు అక్కడే వదిలి వచ్చాం. పది రోజులకు మూడూ ఇంటికి చేరాయి. జనతా రోజుకు నలభై సెకన్లు ముందుకు పోతోందని ఫోను చేస్తే, ఒక వారం వాడి చూసి పంపండి, మళ్లీ డబ్బు తీసుకోను అన్నారు. ఆల్విన్ మాత్రం నాకు దక్కలేదు, మా ఆయన చేతికి ఎక్కింది.