మనోవిశ్లేషణ కొత్తగా చదవాలనుకునేవారికి: ఏలూరు రోడ్డులో దొరికే పుస్తకాల మంచిచెడ్డలు

విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో సైకాలజీ పుస్తకాలు కావాలని అడిగితే సాధారణంగా రెండు రకాలు బల్ల మీదికి వస్తాయి. ఒకటి డీఎస్సీ, టెట్ పరీక్షల గైడ్లు. రెండోది వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలు. మనిషి అనుకునేదొకటి, చేసేదొకటి ఎందుకవుతుంది, మరిచిపోవాలనుకున్నది ఎందుకు మరపున పడదు, వద్దు వద్దనుకుంటూనే అదే పని మళ్లీ ఎందుకు చేస్తాడు అనే ప్రశ్నలతో వచ్చిన పాఠకుడికి ఈ రెండూ అక్కరకు రావు. అతనికి కావలసినవి లోపలి అరల్లో, ఇంగ్లీషు పుస్తకాల మధ్య, తత్త్వశాస్త్రానికీ ఆరోగ్యానికీ నడుమ ఎక్కడో ఇరుక్కుని ఉంటాయి. ఇంగ్లీషు ఓ మోస్తరుగా చదవగలిగి, మన ఎరుకలో లేని కోరికలనూ భయాలనూ మాటల ద్వారా వెలికితీసే మనోవిశ్లేషణ (సైకో అనాలిసిస్) గురించి ఏమీ తెలియని పాఠకుడిని దృష్టిలో పెట్టుకుని ఆ అరల్లో దొరికే కొన్ని పుస్తకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

గైడ్లను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. తెలుగు మాధ్యమంలో బీఈడీ చేసిన ఎందరో ఉపాధ్యాయులకు, మనోవిశ్లేషణకు ఆద్యుడైన వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ పేరు పరిచయమైంది వాటి ద్వారానే. అచిత్తు (ఇడ్), అహం (ఈగో), అధ్యహం (సూపర్ ఈగో) అనే మనసు భాగాలు; దమనం, ప్రక్షేపణం, హేతుకీకరణం, ఉదాత్తీకరణం అనే మనసు రక్షణోపాయాలు అని అన్నింటినీ చక్కగా పట్టిక వేసి, ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ ఇస్తాయి. 'జతపరచుము' అనే ప్రశ్నకు అంతకు మించి అక్కర్లేదు. అయితే ఆ నిర్ణయాలకు ఫ్రాయిడ్ ఎలా వచ్చాడు, ఏ రోగి నోట ఏ మాట విన్నాడు, మొదట ఏమనుకుని తరవాత ఎందుకు మార్చుకున్నాడు అన్నది పట్టికలో ఇమడదు. అది తెలియనప్పుడు మనోవిశ్లేషణ వింత పేర్ల జాబితాగానే మిగిలిపోతుంది. అందుకే ఫ్రాయిడ్ మీద ఇతరులు రాసినవాటికన్నా ముందు, ఏమీ తెలియని శ్రోతల ఎదుట నిలబడి ఆయన స్వయంగా చేసిన ఉపన్యాసాలను చదవమంటాను. అవి రెండు పుస్తకాలుగా దొరుకుతాయి.

చిన్నది 'ఫైవ్ లెక్చర్స్ ఆన్ సైకో అనాలిసిస్'. 1909 సెప్టెంబరులో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు స్టాన్లీ హాల్ ఆహ్వానం మీద వెళ్లి, ఫ్రాయిడ్ జర్మన్ భాషలో చేసిన ఐదు ప్రసంగాలివి. సిద్ధాంతం ఊసెత్తకుండా మొదట ఆయన ఒక రోగి కథ చెబుతాడు. వియన్నా వైద్యుడు బ్రాయర్ దగ్గర చికిత్స పొందిన ఒక యువతి, ఎండాకాలంలో ఎంత దాహమేసినా గ్లాసు పెదవులకు ఆనగానే పక్కకు నెట్టేసేది. ఆరు వారాల పాటు పుచ్చకాయల్లాంటి పళ్లతోనే గొంతు తడుపుకుంది. ఒకరోజు హిప్నసిస్‌లో ఉండగా, తనకు గిట్టని ఒక ఇంగ్లీషు ఆవిడ గదిలో ఆమె కుక్కపిల్ల గ్లాసులోంచి నీళ్లు తాగడం చూశాననీ, మర్యాదకు పోయి నోరు మెదపలేదనీ చెప్పి, ఆనాడు మింగిన కోపమంతా వెళ్లగక్కింది. ఆ వెంటనే నీళ్లు అడిగి, గ్లాసు పెదవుల దగ్గర ఉండగానే మేలుకుంది. ఇంత చిన్న కథతో అసలు విషయమంతా కళ్లకు కట్టిస్తాడు ఫ్రాయిడ్.

రెండో ఉపన్యాసంలో దమనాన్ని, అంటే గిట్టని తలపును మనసు స్పృహలోంచి నెట్టేయడాన్ని, వివరించడానికి ఆయన ఆ హాలునే వాడుకున్నాడు. ఇక్కడ ఎవరో ఒకరు గట్టిగా నవ్వుతూ, కాళ్లు నేలకు తాటిస్తూ నా ప్రసంగానికి అడ్డు తగులుతున్నాడనుకోండి. మీలో నలుగురు బలవంతులు లేచి అతన్ని బయటికి గెంటి, మళ్లీ రాకుండా తలుపుకు కుర్చీలు అడ్డం వేసుకుని కూర్చున్నారనుకోండి. అప్పుడతను బయటినుంచి తలుపు బాదుతూ అరుస్తుంటే లోపల ఉన్నప్పటికన్నా ఎక్కువ ఇబ్బంది అవుతుంది కదా అంటాడు. రోగలక్షణం అంటే ఆ తలుపు బాదడమే. అలాంటప్పుడు మన అధ్యక్షుడు హాల్ గారు బయటికి వెళ్లి అతనితో మాట్లాడి, బుద్ధిగా ఉంటానన్న మాట తీసుకుని లోపలికి తెస్తే సరిపోతుందనీ, వైద్యుడు చేయవలసింది అదేననీ ముగిస్తాడు. గైడులో దమనం నిర్వచనాన్ని ఎన్నిసార్లు వల్లెవేసినా రాని స్పష్టత ఈ ఒక్క పేజీలో వస్తుంది. పుస్తకం ఒకటి రెండు సాయంత్రాల్లో పూర్తవుతుంది.

పెద్దది 'ఇంట్రడక్టరీ లెక్చర్స్'. 1915 నుంచి 1917 దాకా, బయట యుద్ధం నడుస్తుండగా, వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యులూ వైద్యేతరులూ కలిసి కూర్చున్న సభలో చేసిన 28 ఉపన్యాసాలు ఇందులో ఉన్నాయి. వీటిని పేర్చిన క్రమంలోనే ఒక ఉపాధ్యాయుడి నేర్పు ఉంది. తొలి భాగం నోరు జారడం, పేర్లు మరిచిపోవడం, వస్తువులు పోగొట్టుకోవడం వంటి రోజువారీ పొరపాట్ల గురించి. ఐదు నుంచి పదిహేను దాకా కలల గురించి. ఆ తరవాతనే మానసిక రుగ్మతల గురించి. ఎవరూ కాదనలేని చోట మొదలుపెట్టి, శ్రోతను మెల్లగా లోతుకు తీసుకెళ్లడమన్నమాట. ఆస్ట్రియా పార్లమెంటు దిగువసభ అధ్యక్షుడు సమావేశం ప్రారంభిస్తూ, సభ్యులు తగినంతమంది ఉన్నారు కనుక సభ ముగిసినట్లు ప్రకటిస్తున్నానన్న ఉదంతం తొలి ఉదాహరణల్లో ఒకటి. ఆ సమావేశం వల్ల మంచేమీ జరగదని ఆయన మనసులో ఉన్నదే నోటివెంట వచ్చింది. మన శాసనసభల ప్రత్యక్ష ప్రసారాలు చూసేవారు ఇలాంటి ఉదాహరణలకు వియన్నా దాకా వెళ్లనక్కర్లేదు.

అన్నింటికన్నా శ్రద్ధగా చదవవలసింది పదిహేడో ఉపన్యాసం. ముప్ఫయ్యేళ్లకు చేరువలో ఉన్న ఒక స్త్రీ రోజుకు ఎన్నోసార్లు తన గదిలోంచి పక్క గదిలోకి పరుగెత్తుకెళ్లి, బల్ల దగ్గర ఒక నిర్ణీత చోట నిలబడి, గంట మోగించి పనిమనిషిని పిలిచి, ఏదో చిన్న పని చెప్పి పంపేసేది. ఎందుకో ఆమెకే తెలియదు. చివరికి తెలిసింది: బల్ల మీది గుడ్డకు ఒక మరక ఉంది, అది పనిమనిషి కంట పడేలా ఆమె నిలబడుతోంది. పదేళ్లకు పైగా వెనక, తొలిరాత్రి విఫలుడైన భర్త పదేపదే తన గదిలోంచి ఆమె గదిలోకి పరుగెత్తుకొచ్చి, తెల్లవారాక పనిమనిషి ముందు పరువు పోతుందని దుప్పటి మీద ఎర్రసిరా పోశాడు; అదీ పోయవలసిన చోట పోయలేకపోయాడు. విడిగా ఉంటున్న భర్త పరువును ఆ స్త్రీ ఇన్నేళ్ల తరవాత రోజూ ఒక తంతులా కాపాడుతోంది. పెళ్లింటి పరువు గురించి మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు కనుక, తెలుగు పాఠకుడికి ఈ కథ ఇట్టే పట్టుబడుతుంది. కలల చిహ్నాల గురించిన పదో ఉపన్యాసం మాత్రం నాకు రుచించలేదు. కర్ర, గొడుగు, పెట్టె, ఏది కనిపించినా లైంగికార్థం వైపే లాగుతుంటే, అంతకు ముందు చూపించిన ఓపిక ఏమైపోయిందా అనిపిస్తుంది.

చాలామంది మొదట కొనేది కలల మీద ఫ్రాయిడ్ రాసిన పెద్ద పుస్తకం 'ది ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ డ్రీమ్స్'ను. 1899 నవంబరులో వెలువడినా 1900 అని ముద్రించుకున్న ఆ గ్రంథం తొలి ముద్రణ ఆరు వందల ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మొదటి అధ్యాయమంతా అంతకు ముందువారు కలల గురించి ఏమన్నారన్న సమీక్షే కాబట్టి కొత్తవారు అక్కడే ఆగిపోతారు. గొప్ప పుస్తకమే, కానీ మూడోదిగానో నాలుగోదిగానో చదవవలసినది.

కొనేటప్పుడు లోపలి పేజీలో అనువాదకుడి పేరు చూడడం ముఖ్యం. ఫ్రాయిడ్ 1939లో మరణించాడు; మన దేశంలో రచయిత మరణానంతరం అరవై ఏళ్ల వరకే కాపీరైటు కనుక ఆయన రచనలను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేయవచ్చు. చవక ప్రతుల్లో తరచుగా కనిపించేది బ్రిల్ చేసిన పాత అనువాదం. నిత్యజీవితంలోని పొరపాట్ల మీద ఫ్రాయిడ్ రాసిన పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ, జర్మన్ మాటల మీద ఆధారపడిన ఉదాహరణలు కొన్ని తీసేసి తన సొంతవి చేర్చినవాడాయన. జేమ్స్ స్ట్రేచీ అనువాదం ఖరీదెక్కువైనా నమ్మదగినది. బ్రిల్ అనువాదంకన్నా హీనమైనవీ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించుకున్న ప్రతిలో అనువాదకుడి పేరూ లేదు, ప్రచురణకర్త చిరునామా లేదు. అధస్సూచికలు వాక్యం మధ్యలో కలిసిపోయి, రోగి మాట ఏదో ఫ్రాయిడ్ మాట ఏదో తేలకుండా పోయింది. పుస్తకం చేతిలోకి తీసుకుని నాలుగు పేజీలు తిప్పి చూసే వీలుండడమే దుకాణానికి వెళ్లడంలో ఉన్న సుఖం.

ఫ్రాయిడ్ మాట విన్న తరవాత ఆయన్ను ప్రశ్నించేవారి మాటా వినాలి. ఆంథొనీ స్టోర్ రాసిన 'ఫ్రాయిడ్: ఎ వెరీ షార్ట్ ఇంట్రడక్షన్' అందుకు సరిపోతుంది. స్టోర్ స్వయంగా మానసిక వైద్యుడు. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో ఏది నిలిచింది, ఏది నిరూపణకు నిలవలేదు అన్నది కోపం లేకుండా, భక్తి లేకుండా చెబుతాడు. దీన్ని ముందు చదివితే మాత్రం కథ వినకముందే తీర్పు విన్నట్లవుతుంది.

సిద్ధాంతమే వద్దు, మనుషుల సంగతులు కావాలనేవారికి స్టీఫెన్ గ్రాస్ రాసిన 'ది ఎగ్జామిన్డ్ లైఫ్' ఇవ్వండి. లండన్‌లో పనిచేసే ఈ విశ్లేషకుడు 2013లో వెలువరించిన ఈ పుస్తకంలో అధ్యాయాలన్నీ చిన్నవి, శాస్త్ర పరిభాష దాదాపు లేదు. పొగడ్త పిల్లల ఆత్మవిశ్వాసాన్ని ఎలా దెబ్బతీయగలదో చెప్పే అధ్యాయాన్ని, ర్యాంకుల ఫ్లెక్సీల కింద పిల్లల్ని పెంచుతున్న మన ఊరి తల్లిదండ్రులు చదివితే బాగుంటుంది. కొన్ని కథలు మరీ నున్నగా ముగుస్తాయన్నది ఒక్కటే నా ఫిర్యాదు.

ఇదంతా యూరప్ కుటుంబాల గొడవ, మనకేమిటి అనేవారు భారతీయ మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ 1978లో రాసిన 'ది ఇన్నర్ వరల్డ్' చూడవచ్చు. హిందూ కుటుంబంలో తల్లీకొడుకుల బంధం, ఉమ్మడి కుటుంబంలో శైశవం మీద ఆయన చేసిన చర్చ ఇప్పటికీ పదునుగా ఉంది. వాక్యాలు బరువైనవి కాబట్టి ఇది చివర్లో చదవాలి. నిజానికి ఈ శాస్త్రం మన దేశానికి ఆలస్యంగా వచ్చిందేమీ కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించాడు. తెలుగులో మాత్రం ఫ్రాయిడ్ ప్రభావం నవలల్లో కనిపించినంతగా శాస్త్ర గ్రంథాల్లో కనిపించదు. ఆయన ఉపన్యాసాలకు సులభమైన తెలుగు అనువాదం ఒకటి ఈ దుకాణాల్లో నా కంటపడలేదు.

ఉపన్యాసాల పుస్తకాలు కొత్తవి కొనలేనివారు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో వెతకవచ్చు. పరీక్షల గైడ్ల దొంతరల అడుగున పాత పెంగ్విన్ ప్రతులు అప్పుడప్పుడూ తగులుతుంటాయి. మొదట ఫ్రాయిడ్ సహచరుడై తరవాత విడిపోయిన యూంగ్ సంపాదకత్వంలో వచ్చిన 'మ్యాన్ అండ్ హిజ్ సింబల్స్' కనిపిస్తే మాత్రం, ఐదు వందలకు పైగా బొమ్మలున్న పుస్తకం అది, పెద్ద సైజు ప్రతి అయితేనే తీసుకోండి. చిన్న సైజులో ఆ బొమ్మలు మసకబారిపోయి, వాటి మీద రాసిన వ్యాఖ్యానం సగం అర్థం కాదు.